పంపకానికి లొంగని రాశి

లోకంలో పంచుకోవడానికి వీల్లేనివి బహు తక్కువ. పొలం పంచుకుంటారు. ఇంటికి మధ్య గోడ పెట్టి పంచుకుంటారు. ఆఖరికి నూతిలో నీళ్ళు కూడా వంతులు వేసుకుని తోడుకుంటారు. పంపకమంటూ మొదలైతే పెద్దమనుషులు నలుగురూ కూచుని ఎలాగో ఒకలాగ తెగ్గొట్టేస్తారు. కాని అంకెల్లో కొన్ని వున్నాయి. వాటి దగ్గర ఎంతటి పెద్దమనిషైనా ఓడిపోవలసిందే.

ఏడు మామిడిపళ్ళున్నాయనుకోండి. ఇద్దరికి పంచితే ఒకటి మిగులుతుంది. ముగ్గురికి పంచినా ఒకటే మిగులుతుంది. నలుగురికైతే మూడు, ఐదుగురికైతే రెండు, ఆరుగురికైతే మళ్ళీ ఒకటి. కత్తిపీట ముట్టకుండా సమానంగా పంచాలంటే ఒక్కడే కూచుని ఏడూ తినెయ్యాలి, లేదా ఏడుగురు వచ్చి తలొకటీ పట్టుకుపోవాలి. ఇలాంటివాటిని బళ్ళో ప్రధాన సంఖ్యలన్నారు. పంపకానికి లొంగిపోయే ఆరూ, ఎనిమిదీ, తొమ్మిదీ వగైరాలు సంయుక్త సంఖ్యలు.

నేను ముప్ఫైనాలుగేళ్ళు బాంకిలో పని చేశాను. అంకెలతో నా స్నేహమంతా సాయంత్రానికి లెక్క సరిపోయిందా లేదా అన్నంతవరకే. అటువంటి నన్ను ఈ ప్రధాన సంఖ్యల వ్యవహారంలోకి దింపింది మా మనవరాలు చిట్టి. డిగ్రీలో లెక్కలు చదువుతూ, ఆఖరి ఏడు వచ్చేసరికి, ఎమ్మెస్సీ చేసి ఆపైన సంఖ్యాశాస్త్రంలోనే పరిశోధన చేస్తానని కూచుంది. మావాడు హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగస్తుడు. పిల్ల కూడా ఆ దారినే వస్తే నాలుగు రాళ్ళు వెనకేసుకుంటుందని వాడి ఆశ. తప్పేమీ లేదు. వాడు వేసిన ప్రశ్న ఒకటే: "దానివల్ల ఏమిటమ్మా ఉపయోగం?" తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు పెరిగి, చివరికి ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. "నాన్నగారూ, మీరే చెప్పండి" అని వాడూ, "తాతయ్యా, నువ్వే చెప్పు" అని అదీ.

తీర్పు చెప్పేవాడు ఉభయపక్షాల దస్తావేజులూ చూడాలి గదా! అంచేత వేసంగి సెలవులంతా చిట్టిని ఎదురుగా కూచోబెట్టుకుని పాఠం చెప్పించుకున్నాను.

చదరంగం గళ్ళ కథ మనందరికీ తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే అరవైనాలుగు గళ్ళూ నిండకముందే రాజుగారి గాదెలు ఖాళీ. కథ చెప్పేవాళ్ళంతా రాజుగారు తెల్లమొహం వేశారని చెప్పి ఆపేస్తారు. చిట్టి అక్కణ్ణించి మొదలుపెట్టింది.

"ఒక్కొక్క గడి దగ్గరా ఆగి, అంతవరకూ పోసిన గింజలన్నీ ఒక రాశిగా పోసి చూడు తాతయ్యా!"

చూశాను. రెండు గళ్ళకు 3. మూడు గళ్ళకు 7. నాలుగింటికి 15. ఐదింటికి 31. ఆరింటికి 63. ఏడింటికి 127. అంటే తర్వాతి గడిలో పడవలసినదానికి సరిగ్గా ఒకటి తక్కువ. వీటిలో 3, 7, 31, 127 పంపకానికి లొంగవు. 15, 63 లొంగిపోతాయి. ఎందుచేత? ఆరు గళ్ళను రెండేసి చొప్పున జతలు కట్టండి. మొదటి జతలో 1, 2 కలిస్తే 3. రెండో జతలో 4, 8 కలిస్తే 12. మూడో జతలో 16, 32 కలిస్తే 48. అన్నీ మూడుతో పోయేవే. గళ్ళ సంఖ్య పంపకానికి లొంగితే గింజల రాశి కూడా లొంగిపోతుందన్నమాట. కాబట్టి గళ్ళ సంఖ్య ప్రధానమై తీరాలి.

అలాగని గళ్ళ సంఖ్య ప్రధానమైతే చాలునా అంటే, చాలదు. పదకొండు గళ్ళకు 2047 గింజలు. అది 23ను 89 పెట్టి గుణిస్తే వచ్చేస్తుంది. ఇక్కడే వున్నది తమాషా అంతా. మొత్తం అరవైనాలుగు గళ్ళలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61, ఈ తొమ్మిది చోట్ల ఆగితేనే రాశి పంపకానికి లొంగదు.

1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి పలకకు అరవైనాలుగే గళ్ళేమిటని ఊహను ముందుకు సాగించి, 257 వరకూ ఎక్కడెక్కడ ఆగాలో ఒక జాబితా ప్రకటించాడు. పదకొండు సంఖ్యలు. ఈ జాతి సంఖ్యలకు ఈనాటికీ ఆయన పేరే. అయితే ఆ జాబితాలో 67, 257 వుండకూడనివి. వుండవలసిన 61, 89, 107 లేవు. ఈ తప్పొప్పులన్నీ తేలేసరికి ఏ సంవత్సరం వచ్చిందనుకున్నారు? 1947. మనకు స్వాతంత్య్రం వచ్చిన ఏడు. మూడువందల మూడేళ్ళు పట్టిందన్నమాట!

నాకు బాగా నచ్చిన మనిషి ఆయిలర్. 1772 నాటికి ఆయనకు ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోది కూడా పోయినట్టే. ఆ స్థితిలో వుండి, ముప్ఫైయొక్క గళ్ళ రాశి 2147483647 ప్రధాన సంఖ్య అని తేల్చాడు. మామూలుగా అయితే 46,340 వరకూ వున్న ప్రధాన సంఖ్యలన్నిటితోనూ భాగించి చూడాలి. ఆయన అలా గుడ్డెద్దు చేలో పడ్డట్టు పోలేదు. ఈ సంఖ్యను భాగించేది ఏదైనా వుంటే అది 248 చేత భాగించినప్పుడు 1 గాని 63 గాని మిగిల్చేదే అయివుండాలని ముందు రుజువు చేసుకున్నాడు. దాంతో 372 భాగహారాలకు మించి చెయ్యనక్కర లేకపోయింది. దొంగకోసం ఊరంతా గాలించకుండా, వాడు దాక్కోగల సందులేవో ముందే తెలుసుకుని అక్కడికి మాత్రమే వెళ్ళడం లాంటిది.

ఇక్కడ మావాడి తరఫు సాక్షి ఒకాయన వచ్చాడు. 1811లో బార్లో అనే ఇంగ్లీషు పండితుడు సంఖ్యాశాస్త్రం మీద పుస్తకం వేశాడు. 6ను భాగించే 1, 2, 3 కలిపితే 6 వస్తుంది. 28ని భాగించే 1, 2, 4, 7, 14 కలిపితే 28 వస్తుంది. ఇటువంటివి పరిపూర్ణ సంఖ్యలు. ప్రతి మెర్సెన్ ప్రధాన సంఖ్య నుంచీ ఒక పరిపూర్ణ సంఖ్య పుడుతుంది. ఆయిలర్ సంఖ్య నుంచి పుట్టినదే బహుశా ఎప్పటికీ అన్నిటిలోకీ పెద్దదిగా వుండిపోతుందని రాశాడు బార్లో. కారణమేమిటంటే, ఇవి వట్టి వింతలే గాని ఉపయోగం లేనివి గనక, అంతకంటే పెద్దదానికోసం ఎవరూ ప్రయత్నించరట! మావాడి ప్రశ్నే, రెండువందల ఏళ్ళ కిందట అచ్చయింది. చిట్టి ఈ సంగతి దాచకుండా తనే చెప్పింది. నాకు అందుకే ముచ్చటేసింది.

బార్లో జోస్యం ఫలించలేదు. 1876లో ఎదువార్ ల్యూకా అనే ఫ్రెంచి ఆయన 127 గళ్ళ రాశి ప్రధానమని తేల్చాడు. 39 అంకెల సంఖ్య అది. ఆయన భాగించి చూడలేదు. వేరే ఉపాయం పన్నాడు. దాన్ని తర్వాత లేమర్ అనే అమెరికన్ మరింత సుకరం చేశాడు. మనకు అలవాటైన 127 మీద చేసి చూపిస్తాను, కాగితం పెన్సిలూ తీసుకోండి. 4తో మొదలుపెట్టండి. దాన్ని దానితోనే గుణించి 2 తీసెయ్యండి, 14 వచ్చింది. మళ్ళీ అలాగే చేస్తే 194. అది 127ను మించిపోయింది గనక 127 తీసేస్తే 67. మళ్ళీ 67ను 67తో గుణించి 2 తీసేసి, 127 చేత భాగిస్తే మిగిలేది 42. మళ్ళీ చేస్తే 111. ఇంకొక్కసారి చేస్తే సున్న! గళ్ళు ఏడు గనక రెండు తక్కువగా ఐదుసార్లు చెయ్యాలి. ఐదోసారికి సున్న వస్తే ప్రధానం, రాకపోతే కాదు. నేను ఈ సున్న తెచ్చిన సాయంత్రం, ఉద్యోగంలో లెక్క పైసాతో సహా కుదిరిన రోజుల్లో పడ్డంత సంతోషం పడ్డాను.

ఈ ఉపాయంలో విడ్డూరం ఒకటుంది. సున్న రాకపోతే సంఖ్య సంయుక్తమని తెలుస్తుంది గాని, దాన్ని భాగించేవి ఏమిటో తెలియదు. ఇంట్లో దొంగ వున్నాడని రూఢి అయింది, ఎవడో తెలియదు. మెర్సెన్ చెప్పిన 67 గళ్ళ రాశి సంగతి ల్యూకా ఇలాగే తేల్చి వదిలిపెట్టాడు. 21 అంకెల సంఖ్య. దాని దొంగల్ని పట్టినవాడు కోల్ అనే అమెరికన్. 1903 అక్టోబరులో గణితశాస్త్రజ్ఞుల సభలో ఆయన లేచి, ఒక్క మాట మాట్లాడకుండా నల్లబల్ల మీద 2ను హెచ్చవేసుకుంటూ పోయి, ఒకటి తీసేసి, 147573952589676412927 అని రాశాడట. పక్కకి జరిగి 193707721ని 761838257287తో గుణించాడట. రెండూ ఒకటే. సుద్దముక్క కింద పెట్టి, మాట్లాడకుండానే వెళ్ళి కూచున్నాడట. సభంతా చప్పట్లు. ఎన్నాళ్ళు పట్టిందని తర్వాత అడిగితే, మూడేళ్ళ ఆదివారాలు అన్నాడని చెప్పుకుంటారు.

నేనూ గుణించి చూశాను. తొమ్మిది వరసలు. ఒక మధ్యాహ్నం పట్టింది, సరిపోయింది. అప్పుడు చిట్టి అన్నది: "చూశావా తాతయ్యా, గుణించడానికి నీకు ఒక మధ్యాహ్నం, విడగొట్టడానికి ఆయనకు మూడేళ్ళ ఆదివారాలు. ఈ తేడా మీదే తాళం తయారుచేశారు."

నిజమే. 1977లో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ అనే ముగ్గురు అమెరికాలో ఆ పని చేశారు. మూడేసి వందల అంకెలున్న ప్రధాన సంఖ్యలు రెంటిని గుణించి, వచ్చిన ఫలితాన్ని బాహాటంగా అందరికీ చెప్పెయ్యవచ్చు. ఎవరైనా దానితో తాళం వెయ్యగలరు. ఆ రెండు సంఖ్యలూ తెలిసినవాడు తప్ప తియ్యలేడు. ఇంటర్నెట్టు మీద నడిచే డబ్బు వ్యవహారాల్లో ఆ తాళం ఇప్పటికీ చాలాచోట్ల వాడుకలో వున్నది. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఇనప్పెట్టెకు రెండు తాళంచెవులుండేవి. ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి నా దగ్గర. ఇప్పుడు ఆ రెండు తాళంచెవులూ రెండు ప్రధాన సంఖ్యలు.

అయితే తీర్పరికి పక్షపాతం వుండకూడదు. తాళానికి మూడు వందల అంకెలు చాలు. మరి అంతకంటే ఎన్నో రెట్లు పెద్దవాటికోసం ఎందుకీ వేట? 1952 జనవరి 30న లాస్ ఏంజిల్స్‌లో రాబిన్‌సన్ అనే ఆయన రాసిన పద్ధతి ప్రకారం యంత్రం ఒక్క రాత్రిలో రెండు మెర్సెన్ ప్రధానాలను పట్టింది. 1963లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంవారు 3,376 అంకెల ప్రధాన సంఖ్యను పట్టుకుని, ఆ సంతోషంలో తమ ఉత్తరాల మీద పడే తపాలా ముద్రలో కూడా దాన్ని వేయించుకున్నారు. 1996లో వోల్ట్‌మన్ అనే ఆయన, ఇళ్ళల్లో ఖాళీగా వున్న కంప్యూటర్లన్నిటికీ తలా ఒక సంఖ్య అప్పగించి పరీక్ష చేయించే ఏర్పాటు మొదలుపెట్టాడు. ఆ ఏర్పాటులోనే 2024 అక్టోబరులో ల్యూక్ డ్యురాంట్ అనే కాలిఫోర్నియా వాసి పట్టినది 13,62,79,841 గళ్ళ రాశి. అందులో అంకెలు నాలుగు కోట్ల పది లక్షల ఇరవైనాలుగు వేల మూడువందల ఇరవై. సెకనుకు ఒక అంకె చొప్పున నిద్రాహారాలు మాని చదివితే 475 రోజులు పడుతుంది.

అంత పెద్ద సంఖ్య చివరి రెండంకెలు ఏమిటో మీరు పెన్సిలుతో చెప్పెయ్యవచ్చు. 2ను హెచ్చవేసుకుంటూ పోతే చివరి రెండంకెలు 04, 08, 16, 32, 64, 28 అంటూ సాగి, ఇరవై అడుగులకొకసారి మళ్ళీ మొదటికి వస్తాయి. గళ్ళ సంఖ్యను 20 చేత భాగిస్తే మిగిలేది 1. కాబట్టి ఇరవైయొకటోసారి వచ్చిన 2097152 చివర వున్న 52 ఇక్కడా వుంటుంది. ఒకటి తీసేస్తే 51. నాలుగు కోట్ల అంకెల పాము తోక ఇలా చేతికి చిక్కడం నాకు ఎంతో ఆశ్చర్యమనిపించింది.

"ఆ పాము వల్ల ఉపయోగం?" అన్నాడు మావాడు, ఆదివారం ఫోన్లో.

సూటిగా చెప్పాలంటే, ఆ సంఖ్య వల్ల ఏ తాళమూ పడదు. వెతకడంలో మాత్రం దారిలో ఏవేవో దొరికాయి. 1994లో నైస్లీ అనే అమెరికన్ ఆచార్యుడు జంట ప్రధాన సంఖ్యల మీద లెక్కలు వేస్తుంటే, పెంటియం అనే కొత్త కంప్యూటరు చిప్పు భాగహారం తప్పు చేస్తున్నదని బయటపడింది. తయారుచేసిన కంపెనీ దానిమీద 47 కోట్ల 50 లక్షల డాలర్లు పోగొట్టుకున్నది. 2002లో మన కాన్పూరు ఐఐటీలో మణీంద్ర అగర్వాల్, అప్పుడే చదువు ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఎలాంటి సంఖ్యనైనా అది ప్రధానమా కాదా అని సందేహానికి తావులేకుండా, అంకెలు పెరిగినా కాలం మితిమీరి పెరగకుండా తేల్చవచ్చునని రుజువు చేశారు. శతాబ్దాల ప్రశ్న అది. ఇక ఆయిలర్‌గారి 2147483647 అయితే, పాతరకం కంప్యూటర్ల గడియారాల్లో కూచున్నది. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టే ఆ గడియారాలకు ముప్ఫైయొక్క గళ్ళే వున్నాయి. 2038 జనవరి 19 ఉదయం మన టైము ప్రకారం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఆ గళ్ళు నిండిపోతాయి. ఈలోగా వాటిని మార్చుకోవాలి. ఇది ఆ సంఖ్య ప్రధానం కావడంవల్ల వచ్చిన చిక్కు కాదు లెండి, గళ్ళు చాలకపోవడంవల్ల వచ్చినది. అయినా పాతమిత్రుడు కనపడ్డట్టనిపించింది.

ఇంతలో మా ఇంట్లోనే ఒక పరీక్ష జరిగింది. చిట్టి తన కంప్యూటరుకు కూడా వోల్ట్‌మన్ ఏర్పాటు ప్రకారం ఒక సంఖ్య తెచ్చి అప్పగించింది. పగలూ రాత్రీ అది రొద చేస్తూ వేడెక్కుతూనే వున్నది. మా ఆవిడ రోజూ మీటరు వైపు చూసి నిట్టూర్చేది. పద్దెనిమిదో రోజున ఫలితం వచ్చింది: ప్రధానం కాదు.

"ఇన్నాళ్ళు కరెంటు కాల్చి 'కాదు' అని చెప్పడానికా?" అంది మా ఆవిడ.

"ఇంక ఆ సంఖ్య దగ్గరికి ఎవరూ వెళ్ళనక్కర్లేదు నాయనమ్మా. ఒక సందు గాలించేశాం" అన్నది చిట్టి, మొహం ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా. రెండో సంఖ్య తెచ్చి పెట్టింది.

నేను ఆ మొహమే చూస్తున్నాను. బాంకిలో నేను వెతికిన సాయంత్రాలు ఎన్నో. పది రోజులకు తొమ్మిది రోజులు తప్పేమీ దొరికేది కాదు. తప్పు లేదని తేల్చినందుకు కూడా జీతమిచ్చేవారు. కాని ఆ పనిలో నేనెప్పుడూ ఇంత నిబ్బరంగా లేను.

ఆ వారమే తీర్పు చెప్పాను. ఈ చదువు రేపెప్పుడో లాభిస్తుందని మావాడితో అనలేదు. ఆయిలర్ సంఖ్య ఏమవుతుందో బార్లోకు తెలియనట్టే, ఇదేమవుతుందో నాకూ తెలియదు. తెలిసినట్టు చెప్పి పిల్లకు సీటు ఇప్పించడం నాకు ఇష్టం లేదు. "నీ కూతురికి పద్దెనిమిది రోజులు ఎదురుచూసి 'కాదు' అనిపించుకుని మర్నాడు మళ్ళీ కూచునే ఓపిక వున్నది. అది డబ్బు పెట్టి కొనేది కాదు. చదవనీ. ఫీజుకు నా డిపాజిట్టు వున్నది" అన్నాను. "అందులో సగం నాది. అదీ తీసుకోమను" అంది మా ఆవిడ వంటింట్లోంచి.

చిట్టికి మాత్రం వేరే చెప్పాను: "మూడేళ్ళ ఆదివారాలు పోసినా ఏమీ దొరకని వాళ్ళు కూడా వుంటారమ్మా. వాళ్ళ పేర్లు నువ్వు నాకు చెప్పిన కథల్లో లేవు. ఆలోచించుకో." అది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "తెలుసు తాతయ్యా" అన్నది.

ఎమ్మెస్సీలో చేరింది. మావాడు ఔనన్నాడా అంటే, అనలేదు. నా డిపాజిట్టు ముట్టుకోనివ్వకుండా ఫీజు మాత్రం తనే కట్టాడు. అప్పుడప్పుడు ఫోన్లో "ఎంతవరకు వచ్చిందిట దాని వేట?" అని అడుగుతుంటాడు.

ప్రధాన సంఖ్యలకు అంతు లేదని రెండువేల మూడువందల ఏళ్ళ కిందటే యూక్లిడ్ రుజువు చేశాడు. మీ దగ్గరున్న ప్రధాన సంఖ్యలన్నీ గుణించి ఒకటి కలపండి. వచ్చినదాన్ని వాటిలో దేనితో భాగించినా ఒకటి మిగిలిపోతుంది, కాబట్టి మీ జాబితాలో లేనిది ఇంకొకటి వుండి తీరాలి. కాని గింజల రాశుల్లో పుట్టే ఈ మెర్సెన్ జాతికి అంతు వుందో లేదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. 2024 నాటికి దొరికినవి యాభైరెండు. యాభైమూడోది వున్నదని హామీ ఎవరూ ఇవ్వలేరు. అయినా ఈ రాత్రి కూడా ఎన్నో ఊళ్ళలో, ఎవరెవరి ఇళ్ళల్లోనో కంప్యూటర్లు వెతుకుతూనే వుంటాయి.